గండిపేట 1784 అడుగుల లోతా?

[తెరపై: వాట్సాప్ గ్రూపు. నీలం కడ్డీలు గీసిన బొమ్మ ఒకటి వచ్చి పడుతుంది.]

ఓ వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నేను పెట్టిన ఇన్ఫోగ్రాఫిక్ ఇది. హైదరాబాద్ ఉస్మాన్ సాగర్ చెరువు, అంటే మన గండిపేట నీటిమట్టం. రెండు గంటలు కూర్చుని చేశా. ఐదు నిమిషాల్లో మూడో ఫ్లోర్ ఆంటీ అడిగారు: "బాబూ, గండిపేట 1784 అడుగుల లోతా?"

నవ్వొచ్చింది. నా బొమ్మ మళ్లీ చూసుకున్నాక ఆ నవ్వు కాస్తా పోయింది. 1784 అనేది సముద్రమట్టం నుంచి లెక్క. ఆ ముక్క నేనెక్కడా రాయలేదు, ఆవిడకెలా తెలుస్తుంది?

[తెరపై: పక్కపక్కన రెండు పొడవాటి కడ్డీలు: 1784, 1790.]

ఇంకో తప్పు చూడండి. గండిపేట నిండుమట్టం 1790 అడుగులు. బార్ చార్ట్ సున్నా నుంచే మొదలవ్వాలంటారు కదా, అలాగే గీశా. అమ్మకాలకో, జనాభాకో ఆ రూలు కరెక్టే. ఇక్కడ సున్నా అంటే సముద్రం! కడ్డీలు రెండూ ఒకే ఎత్తులో కనబడ్డాయి. ఇంకా ఆరడుగులు ఖాళీ ఉన్న చెరువు నిండిపోయినట్టే ఉంది.

ముందు అడగాల్సింది ఒకటే: ఈ బొమ్మ చూసేవాళ్లకి ఏం తెలియాలి? గండిపేట గేట్లు ఎత్తితే నీళ్లు మూసీ నదిలోకే వస్తాయి. అందుకే మూసీ పక్కన చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు ఉండేవాళ్ల టెన్షన్ ఆ గేట్ల గురించి. వాళ్లకి అడుగుల్లో చెప్పాలి. చెరువులో ఎన్ని నీళ్లున్నాయో కావాలంటే టీఎంసీల్లో, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల లెక్కలో చెప్పాలి. నిండితే 3.9 టీఎంసీలు. ఎండాకాలం ట్యాంకర్ల గోల ఉంటుందా అంటే దానికి గండిపేట ఒక్కటే సరిపోదు. నగరానికి ఎక్కువ నీళ్లు కృష్ణా, గోదావరి నుంచి పైపుల్లో వస్తున్నాయి. అది వేరే బొమ్మ. మూడూ ఒకదాంట్లో కుక్కితే ఎవరికీ అర్థం కాదు.

నేను గేట్ల ప్రశ్న తీసుకున్నా.

[తెరపై: చెరువుని నిలువునా కోసినట్టు బొమ్మ. పైన ఎర్రగీత, కింద నీలం నీళ్లు, మధ్యలో పెద్దగా "ఇంకా 6 అడుగులు".]

కడ్డీలు తీసేశా. పెద్ద అంకె ఒక్కటే ఉంది. 1784, "సముద్రమట్టం నుంచి" అన్న మాటతో, కింద చిన్నగా ఉంది. గట్లు నిట్టనిలువుగా కాకుండా వాలుగా గీశా, ఎందుకంటే చెరువు పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. పై ఆరడుగుల్లో పట్టినన్ని నీళ్లు కింద ఆరడుగుల్లో పట్టవు.

తేదీ, టైమ్ తప్పకుండా వేయండి. వాట్సాప్‌లో పాత వరద బొమ్మలు ఏటా మళ్లీ తిరుగుతుంటాయి.

[తెరపై: "మట్‌టం" అని విరిగిన అక్షరాలు, పక్కన "మట్టం".]

ఇక తెలుగు అక్షరాల బాధ. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ భాషల సెట్టింగ్ ఆన్ చేయకపోతే ఒత్తులు ఇలా విడిపోతాయి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల మధ్య ఖాళీ మనకి చాలదు. పై లైను ఒత్తు వచ్చి కింది లైను గుడికి తగులుతుంది. నేను మండలి ఫాంట్ వాడతా. ఉచితం, చిన్న సైజులో కూడా చదవగలం. నీడలు, మెరుపులు మాత్రం వద్దు. అవి పెళ్లి ఫ్లెక్సీలకి బాగుంటాయి.

అయ్యాక బొమ్మని మీ ఫోన్‌కే పంపుకుని, జూమ్ చేయకుండా చెయ్యి చాచి చూడండి.

నేను ఆంటీకి పంపా. "ఆహా, ఇంకా ఆరడుగులుందా! అది నిండితేనే గేట్లు ఎత్తుతారా?" అన్నారు.

నిండేదాకా ఆగరు. పైనుంచి వచ్చే వరదని బట్టి ముందే ఎత్తుతారు. ఆ సంగతీ నా బొమ్మలో లేదు.

[తెరపై: చెరువుకి ఎడమవైపు ఒక బాణం వచ్చి చేరుతుంది: "లోపలికి వస్తున్న నీరు".]