1960ల నాటి హోమ్‌లైట్ రంపం: పేరు చెప్పి కాదు, నంబరు చూసి పార్టు కొనాలి

అందరికీ నమస్తే అండీ. ఇవాళ్టి వీడియో మా బాబాయ్ కోసం. ఈ మిషన్ ఫొటో చూసి "అంత పాతదానికి సామాన్లు దొరుకుతాయా?" అని అడిగారు. దొరుకుతాయి బాబాయ్. ఎలా వెతకాలో తెలియాలి, అంతే.

టేబుల్ మీద ఉన్నది హోమ్‌లైట్ ఎక్స్ఎల్-12. అమెరికాలో 1960లలో వచ్చిన చైన్ రంపం. బారు (చైను తిరిగే పొడవాటి పట్టీ), చైను లేకుండా ఇంజను బరువు 12 పౌండ్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోలు. ఆ 12 పేరులోకి వచ్చింది అందుకే. బాడీ మొత్తం మెగ్నీషియం. ఇక్కడ అమెరికాలో శనివారం పొద్దున ఇళ్ళ ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్‌లో ఇలాంటివి 40 డాలర్లకు పెడతారు. డాలరు 88 వేసుకుంటే 3,520 రూపాయలు. పెరట్లో గాలివానకు పడిన ఒక్క పెద్ద చెట్టు కోయించాలంటే వెయ్యి డాలర్ల దాకా అడుగుతారు, 88 వేలు. రిపేరు షాపుకి తీసుకెళ్తే గంటకి 90 డాలర్లు కూలి, పైగా చాలాచోట్ల ఇంత పాతది ముట్టుకోరు. అందుకే ఇక్కడ ఎవరి మిషన్ వాళ్ళే విప్పుకుంటారు.

హోమ్‌లైట్‌ను 1994లో టెక్స్‌ట్రాన్ నుంచి జాన్ డీర్ కొంది, ఆ తర్వాత అది టీటీఐ అనే ఇంకో కంపెనీ చేతికి వెళ్ళింది. ఈ పాత మోడళ్ళకు కంపెనీ నుంచి కొత్త పార్టులు రావడం ఎప్పుడో ఆగింది. ఇప్పుడు మనకి మూడు దారులు: అమ్ముడుపోకుండా మిగిలిన పాత స్టాకు, వేరేవాళ్ళు చేసిన పార్టు, లేకపోతే ఇంకో చచ్చిన మిషన్ నుంచి పీకిన సామాను. విజయవాడ ఆటోనగర్‌లో అయితే పాత పార్టు పట్టుకెళ్ళి కౌంటరు మీద పెడితే చాలు, చూసి తెచ్చిస్తారు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. కొలత, నంబరు రెండూ మనమే తియ్యాలి.

హోమ్‌లైట్ నేమ్‌ప్లేట్ మీద "యూటీ"తో మొదలయ్యే నంబరు ఉంటుంది. "ఎక్స్ఎల్-12" అన్న పేరు కంటే అదే ముఖ్యం. ఎందుకంటే ఒకే పేరుతో ఏళ్ళ తరబడి చిన్న చిన్న మార్పులతో వచ్చాయి. ఆ యూటీ నంబరుకి సరిపోయే పార్టుల బొమ్మల పుస్తకం చూసి ఆర్డరు పెట్టాలి. పిస్టన్ రింగుల దగ్గర ఎక్కువమంది మోసపోతారు. ఎక్స్ఎల్-12ది 54 సీసీ, బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 44.45 మిల్లీమీటర్లు. అచ్చం ఇలాగే ఉండే సూపర్ ఎక్స్ఎల్‌ది 58 సీసీ, బోరు 46 మిల్లీమీటర్లు. బయటి నుంచి తేడా తెలియదు. రింగులు కొనే ముందు వెర్నియర్ పెట్టి కొలవండి.

చైను కూడా అంతే. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చెయ్యాలి. ఆ దూరం 19.05 మిల్లీమీటర్లు ఉంటే సగం 9.525, అంటే 3/8 అంగుళం పిచ్ చైను. బారు గాడి వెడల్పు 1.27 అయితే 0.050 గేజ్, 1.47 అయితే 0.058 గేజ్. చైనుకి బారు గాడిలో నడిచే కింది పళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఆ సంఖ్య చెప్పాలి. "16 అంగుళాల చైను ఇవ్వండి" అంటే తప్పు చైను వస్తుంది.

ఇక విప్పుదాం. మిషన్ స్టార్ట్ అవ్వట్లేదంటే అందరూ మొదట ప్లగ్గు మారుస్తారు. నేనైతే మొదట పెట్రోలు పైపు చూడమంటాను. ఇదిగో, కెమెరా దగ్గరగా తెస్తున్నా. ట్యాంకు నుంచి కార్బొరేటర్ గదిలోకి వచ్చే పైపు ఇది. వేలితో వంచుతున్నా, చూడండి, ఎండిన చింతబరికెలా విరిగిపోయింది. లోపలి వైపేమో జిగటగా, నల్లగా వేలికి అంటుతోంది. పగిలిన చోట పెట్రోలుకి బదులు గాలి పీలుస్తుంది. మిశ్రమంలో పెట్రోలు తగ్గితే ఇంజను వేడెక్కుతుంది. పెట్రోలుతో పాటే ఆయిలూ తగ్గుతుంది కాబట్టి పిస్టన్ గీసుకుపోతుంది, చివరికి జామ్ అవుతుంది. రెండు డాలర్ల పైపు మార్చకపోతే సిలిండరు పోతుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ పాత రబ్బర్లకు పడదు. ఇక్కడ మామూలు పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంటుంది. మన దగ్గర బంకుల్లో ఇప్పుడు 20 శాతం వస్తోంది కదా, పాత చేతక్, లూనా దాచుకున్నవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. వాటి పైపులు, కార్బొరేటర్ రబ్బర్లు ఒకసారి తీసి చూడండి. ఇక్కడ కొన్ని బంకుల్లో ఇథనాల్ లేనిది దొరుకుతుంది, గ్యాలనుకి ఒక డాలరు పైనే ఎక్కువ. ఈ మిషన్‌కి అదే పోస్తాను.

కొత్త పైపు బయటి కొలత ట్యాంకు కన్నం కంటే అర మిల్లీమీటరు ఎక్కువ ఉండాలి. కొసని ఏటవాలుగా కోసి, కన్నంలోకి దూర్చి, ముక్కుపట్టకారుతో లాగాలి. బిగుతుగా కూర్చుంటేనే లీకు ఉండదు. జిగురు పెట్టొద్దు, పెట్రోలుకి కరిగిపోతుంది. లోపలి కొసకి కొత్త ఫిల్టరు.

తర్వాత కార్బొరేటర్. ఇది టిల్లాట్సన్ హెచ్ఎస్ రకం, నంబరు బాడీ మీదే గుద్ది ఉంటుంది. చేతక్ కార్బొరేటర్‌లో ఫ్లోట్ ఉంటుంది కదా, రంపాన్ని ఎటు తిప్పి పట్టుకున్నా నడవాలి కాబట్టి ఇందులో ఉండదు. ఆ పని పల్చటి పొర చేస్తుంది, దాన్నే డయాఫ్రం అంటారు. కొత్తది బట్టలా మెత్తగా ఉండాలి. పాతది గిల్లితే అప్పడంలా చప్పుడు చేస్తుంది, అలా అయితే పని అయిపోయినట్టే. ప్యాకింగులు, డయాఫ్రంలు మాత్రమే కావాలంటే డీజీ-5హెచ్ఎస్ కిట్టు, ముల్లుతో (పెట్రోలుని ఆపి వదిలే సూది) సహా పూర్తిగా కావాలంటే ఆర్‌కె-23హెచ్ఎస్. పెద్ద కిట్టు కూడా 12, 15 డాలర్లే, వెయ్యి, పదమూడొందలు. నా మాట వినండి, పెద్దదే తీసుకోండి. ముల్లు కొన అరిగి ఉంటే మిగతాదంతా మార్చినా పెట్రోలు పొంగుతూనే ఉంటుంది.

మూత తీసే ముందు ఫోన్‌తో ఫొటో తియ్యండి, ప్యాకింగు ముందా పొర ముందా అన్న గొడవ ఉండదు. మీటరింగ్ వైపు, అంటే పెట్రోలుని కొలిచి వదిలే వైపు, బాడీకి ఆనుకుని ప్యాకింగు, దాని మీద డయాఫ్రం, ఆపైన మూత. ఇక్కడ ఈ చిన్న లివరు చూడండి. స్కేలు అడ్డంగా పెడితే దాని కొస గది నేలతో సమానంగా ఉండాలి. పైకి ఉంటే పెట్రోలు ఎక్కువవుతుంది, కిందికి ఉంటే చాలదు. మార్చాలంటే ముల్లుని గట్టిగా అదిమి పెట్టి వంచకూడదు, కొన పాడవుతుంది. లోపల సన్నటి జాలీ ఉంటుంది, అది మూసుకుపోయి ఉంటే మిగతా శ్రమంతా వృథా. కార్బొరేటర్ బిగించేటప్పుడు ఇంజను వైపు ప్యాకింగులోని చిన్న కన్నం, బాడీ మీది కన్నంతో కలవాలి. ఇంజను ఒత్తిడి ఆ కన్నంలోంచి వస్తేనే పెట్రోలు పంపు కొట్టుకుంటుంది. తలకిందులుగా పెట్టి "కొత్త కిట్టు పనిచెయ్యలేదు" అనేవాళ్ళు చాలామంది.

మన దగ్గర వీధిలో కార్బొరేటర్ విప్పితే చాలు, నలుగురు వచ్చి నిలబడతారు, నాలుగు సలహాలు ఇస్తారు. ఇక్కడ గరాజ్ తలుపు పొద్దుట్నుంచి తెరిచే ఉంది, వీధిలో ఒక్క మనిషి అడుగు చప్పుడు లేదు. సరే, పని చూద్దాం.

ఇప్పుడు స్పార్కు. ప్లాటినం పాయింట్లు, అంటే స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చు, మాగ్నెట్ చక్రం కింద ఉంటాయి. సిలిండర్‌లోకి ప్లగ్గు కన్నం గుండా తాడు దూర్చి పిస్టన్ ఆపి, నట్టు విప్పాలి. పాయింట్ల మధ్య ఎమెరీ కాయితం లాగి, తర్వాత శుభ్రమైన తెల్ల కాయితం లాగితే మరక రాకూడదు. గ్యాపు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటరు. ప్లగ్గుది 0.025 అంగుళం. చక్రం తీసినప్పుడు దాని చిన్న కీ చూడండి. సగం కోసుకుపోయి ఉంటే టైమింగ్ తప్పుతుంది, స్పార్కు బాగానే ఉన్నా స్టార్టరు తాడు వెనక్కి తంతుంది.

పెట్రోలు కలపడం: ఆనాటి పుస్తకాల్లో 16:1, అంటే 16 వంతుల పెట్రోలుకి ఒక వంతు ఆయిలు, కనిపిస్తుంది, అది ఆ రోజుల ఆయిలుకి. ఇప్పటి మంచి టూస్ట్రోక్ ఆయిలుతో 32:1 చాలు. గ్యాలనుకి 118 మిల్లీలీటర్లు, లీటరు లెక్కన 31.

కార్బొరేటర్ మీది ఎల్ (తక్కువ రేసుకి), హెచ్ (ఫుల్ రేసుకి) స్క్రూలు మెత్తగా మూసి, ఒక్కో చుట్టు తెరిచి స్టార్ట్ చెయ్యండి. వేడెక్కాక ఎల్ సర్దాలి. ఫుల్ రేసులో ఖాళీగా ఉన్నప్పుడు భడభడమని తడబడాలి, మొద్దులో దించగానే ఆ శబ్దం శుభ్రం కావాలి. ఖాళీగా సన్నటి కీచు వస్తే హెచ్ వెంటనే కొంచెం తెరవండి, పెట్రోలు తక్కువైంది. పది నిమిషాలు నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత వదులు చేయగానే మళ్ళీ నడిస్తే ట్యాంకు గాలి కన్నం మూసుకుపోయింది, కార్బొరేటర్ జోలికి వెళ్ళొద్దు.

ఒక్క విషయం బాబాయ్, దీనికి చైను బ్రేకు లేదు. బారు కొసతో కోయకూడదు, కాళ్ళకి రక్షణ ప్యాంటు లేకుండా ముట్టుకోకూడదు. పని అయ్యాక ట్యాంకు ఒంపేసి, మిగిలిన చుక్కలు అయిపోయి ఆగేదాకా నడిపి అటక మీద పెట్టండి. ఇదిగో, నాలుగో లాగుడికి అందుకుంది. వినండి.