సంచీలోని డబ్బా

అందరికీ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. పొగడ్తలకు జవాబు చెబుతూ కూర్చుంటే ఇచ్చిన పది నిమిషాలూ అయిపోతాయి.

ఐసీయూలో ఉన్న గుండె రోగికి థైరాయిడ్ హార్మోను ఇవ్వాలా? ఒళ్లు బాగా దెబ్బతింటే ఆ హార్మోన్లలో చురుకుగా పనిచేసే టీ3 పడిపోతుంది. థైరాయిడ్ గ్రంథి చెడి కాదు, ఆ గ్రంథి వదిలే టీ4ని టీ3గా మార్చుకోవడం శరీరమే తగ్గించుకుంటుంది. ఎంత పడితే ముప్పు అంత ఎక్కువ. మరి ఎక్కిస్తే పోలా అని మాకూ అనిపించింది. 1995లో అమెరికాలో బైపాస్ రోగులకు ఎక్కించి చూశారు. పంపింగ్ పెరిగింది, మరణాలు తగ్గలేదు. 2023లో బ్రెయిన్‌డెడ్ అయిన 838 మంది దాతల్లో సగం మందికి టీ4, సగం మందికి ఉత్త సెలైన్. మార్పిడికి పనికొచ్చిన గుండెలు 54.9 శాతం, 53.2 శాతం. అంతే తేడా! రిపోర్టులో టీ3 తగ్గిందని ఊరికే మందు రాయకండి.

స్లైడ్లు ఇంకా ఉన్నాయి. ఆపేయి బాబూ, వద్దు.

ఒక పెద్దావిడ గుండెపోటుతో వచ్చింది. ఏ ఆస్పత్రో అడక్కండి. రెండు వారాలు దాటినా వెంటిలేటర్ మీంచి దిగదు. నాడి 45, ఒళ్లు చల్లన, పిలిస్తే ఎప్పటికో కళ్లు తెరుస్తుంది. మత్తుమందు దిగలేదనుకున్నాం. ఇంకో రోజు చూద్దాం, ఇంకో రోజు చూద్దాం... అలా చూస్తూనే ఉన్నాం.

ఓ సాయంత్రం కోడలు సంచీలోంచి తెల్ల డబ్బా తీసింది. "అత్తయ్యగారికి రోజూ పరగడుపున ఇది వేసేదాన్నండీ. మీరు వేస్తున్నారు కదా?"

కేస్ షీట్ తీశాను. ఇంటి మందులు: బీపీ, షుగర్. రాత నాదే. మెడలో లైన్‌కి వేసిన ప్లాస్టర్ లేపి చూస్తే కింద పాత ఆపరేషన్ గీత. థైరాయిడ్ గ్రంథి ఎప్పుడో తీసేశారు! ఆ హార్మోను చాలకపోతే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ 60 దాటింది. ఒట్టి జబ్బు నీరసానికి అంత పెరగదు. రక్తంలో టీ4 సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అందుకే మొదట్లో ఎవరికీ తెలియలేదు.

హౌస్ సర్జన్లూ, వెనక నిలబడ్డ సిస్టర్లూ, ఆ సంచీలు విప్పించండమ్మా! అంకెకి మందు వద్దన్నాను, వాడే మందు మానిపించమనలేదు.

బెల్లు కొడుతున్నారు. ఒక్క నిమిషం.

ముందు స్టెరాయిడ్ ఇచ్చి, ముక్కు గొట్టంలోంచి ఆ డబ్బాలోని థైరాయిడ్ బిళ్ళే మొదలుపెట్టాం. పదో రోజుకి వెంటిలేటర్ తీశాం. ఆ కోడలు నన్ను వరండాలో ఆపి అడిగింది, "నేను ముందే చెప్పాల్సిందాండీ?"

"నేను అడగాల్సిందమ్మా" అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు.