బార్డాక్ కోరిన వరం: పాత డ్రాగన్ బాల్‌కు ఇది అతుకుతుందా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(మాటలు కలిసిపోయి వినబడని చోట అలాగే గుర్తించాం. మిగతాది ఉన్నది ఉన్నట్టే ఇస్తున్నాం.)

యాంకర్: నమస్కారం. డ్రాగన్ బాల్ ఒక మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. దాని కొనసాగింపు డ్రాగన్ బాల్ సూపర్‌లో, 2022లో వీ జంప్ పత్రికలో వచ్చిన ఒక అధ్యాయం మీద అభిమానులు రెండుగా చీలిపోయారు. తన కొడుకులు బాగా ఎదగాలని కథానాయకుడు గోకు తండ్రి బార్డాక్, కోరికలు తీర్చే డ్రాగన్‌ను వరం కోరాడని అందులో చూపించారు. 1984లో మొదలై 1995లో ముగిసిన 42 సంపుటాల మూల కథకు ఇది సరిపోతుందా? అందరికీ సమానంగా సమయం ఇస్తాం. ముందు మీరు చెప్పండి సార్.

విమర్శకుడు: సరిపోదండీ. గోకు అన్న రాడిట్జ్ భూమికి దిగిన అధ్యాయాలు ఒకసారి తిరగేయండి. గోకును అతని సైయన్ జాతివాళ్లు భూమికి ఎందుకు పంపారు? మనుషుల్ని చంపి గ్రహాన్ని ఖాళీ చేయించడానికి. వీడు తక్కువ రకం సైనికుడని తేల్చి, బలం లేని గ్రహానికి విసిరేశారు. లోయలో పడి తలకు దెబ్బ తగిలింది, ఆ పని మరిచిపోయాడు. తాత గోహాన్ చేరదీసి పెంచాడు. ఆ మంచితనం పెంపకంతో వచ్చింది, రక్తంతో రాలేదు. కథ మొత్తం దాని మీదే నిలబడింది.

చిత్రకారిణి: ఆ సంగతి మార్చింది ఎవరో కూడా చెప్పాలి కదా...

విమర్శకుడు: చెప్తానమ్మా, పూర్తి చేయనివ్వండి. ఇప్పుడేమంటున్నారు? తండ్రి మంచివాడు, మొనైటో అనే నామెకియన్‌ని, అంటే నామెక్ గ్రహవాసిని, ఒక పిల్లాడిని కాపాడాడు, ఆ పైన వరం కూడా కోరాడు. మరి గోకు పడ్డ కష్టం ఏమైపోయినట్టు?

యాంకర్: అంటే సార్, మూల రచయిత టొరియామా చేతిలోంచి కథ, సూపర్ బొమ్మలు గీసిన టొయోటారో చేతికి వెళ్లడమే అసలు సమస్య అంటారా?

విమర్శకుడు: అది కూడా ఒక కారణం.

చిత్రకారిణి: కాదండీ. 2014లో ‘మైనస్’ అనే చిన్న అధ్యాయం గీసింది టొరియామానే. సైయన్లను శాసించే దుష్టుడు ఫ్రీజా ఏదో చేయబోతున్నాడని అనుమానం వచ్చి, బార్డాక్, అతని భార్య గిని కలిసి బిడ్డను కాపాడుకోవడానికి పంపినట్టు అందులోనే ఉంది. 2018 బ్రోలీ సినిమాలోనూ అదే. టొయోటారో ఆ దారిలోనే నడిచాడు. తప్పు పట్టాలంటే మూల రచయితనే పట్టాలి.

విమర్శకుడు: పడతాను! ఎందుకు పట్టను? అచ్చయిన 519 అధ్యాయాలను 20 ఏళ్ల తర్వాత రచయిత వచ్చి కాదంటే, నేను అధ్యాయాల మాటే వింటాను.

స్క్రిప్టు రచయిత: ఇక్కడ ఒక చిన్న తేడా ఉంది. వివరం మారడం వేరు, అర్థం మారడం వేరు. చందమామనే తీసుకోండి. గోకు గురువు తాబేలు ముని 21వ టెన్‌కైచి యుద్ధకళల పోటీలో దాన్ని పేల్చేశాడు. తర్వాత గోకు శత్రువు పికోలో మళ్లీ పేల్చాడు. మధ్యలో ఎలా వచ్చింది?

విమర్శకుడు: భూమికి దేవుడైన కామి తిరిగి తెచ్చాడు! తోక ఉంటే నిండు చందమామను చూసి గోకు పెద్ద కోతిగా మారిపోతాడు, అందుకే ఆ తోకను మళ్లీ మొలవకుండా తీసేశాడు. అది కథలోనే ఉంది సార్, ఎవరూ మరిచిపోలేదు. చూశారా, అప్పట్లో ప్రతిదానికీ లెక్క ఉండేది.

చిత్రకారిణి: అన్నింటికీ లేదు. లంచ్ అనే పాత్రను మరిచిపోయానని టొరియామానే చెప్పుకున్నారు.

విమర్శకుడు: ఒక పాత్రను మరిచిపోవడం, నాయకుడి పుట్టుకను తిరగరాయడం ఒకటేనా?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. వినబడలేదు.)

యాంకర్: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు... మేడమ్, నేను మళ్లీ అదే అడుగుతున్నాను. బొమ్మ గీసే చెయ్యి మారితే కథ మీద హక్కు కూడా మారిపోతుందా?

చిత్రకారిణి: హక్కు గురించి తర్వాత. ముందు ఆ పేజీలు చూడండి. మొనైటో వరం ఇస్తానంటే బార్డాక్ తన గెలుపు అడగలేదు. శత్రువు గ్యాస్‌తో పోరు తన బలంతోనే తేల్చుకున్నాడు. కొడుకులు ఎదగాలన్నాడు, అంతే. ఆ గొంతు పాత స్కౌటర్‌లో, అంటే చెవికి పెట్టుకునే పరికరంలో, ఉండిపోయింది. ఇన్నేళ్లకు గోకు దాన్ని వింటాడు. అక్కడ గోకు ముఖం గీసిన తీరు చూస్తే ఇది అన్యాయం అని ఎవరూ అనలేరు. పైగా వరం ఇద్దరు కొడుకుల కోసం కదా? రాడిట్జ్ ఏమయ్యాడు? పికోలో దెబ్బకు చచ్చిపోయాడు. వరమే గోకును గెలిపించి ఉంటే రాడిట్జ్ కూడా బతకాలి.



విమర్శకుడు: అదే నేననేది! పని చేయని వరం పెట్టడం ఎందుకు? పని చేస్తే గోకు కష్టం పోతుంది, చేయకపోతే ఆ దృశ్యమే దండగ.

స్క్రిప్టు రచయిత: తండ్రి ప్రేమ చూపించడానికి...

విమర్శకుడు: ప్రేమ చూపించడానికి డ్రాగన్ కావాలా? 1990లో వచ్చిన టీవీ స్పెషల్ చూడండి. అందులో బార్డాక్ క్రూరుడే. అయినా చివర్లో ఒంటరిగా ఫ్రీజాకు ఎదురెళ్లాడు. టొరియామాకే నచ్చి ఆ బార్డాక్‌ను మాంగాలో గీశారు. ఆ మనిషి కఠినంగా ఉన్నాడు కాబట్టే ఆ ఒక్క బొమ్మ గుర్తుండిపోయింది.

చిత్రకారిణి: సార్, ఆ స్పెషల్ కూడా బయటివాళ్లు తీసిందే! మూల రచయిత రాయలేదు. మీకు నచ్చిన మార్పు సంప్రదాయం, నచ్చనిది ద్రోహమా?

యాంకర్: మంచి ప్రశ్న. కానీ అక్కడా టొరియామా ఒప్పుకున్నారు కదా. మళ్లీ నా పాయింటుకే వస్తున్నాం, అసలు ముద్ర ఎవరిది?

చిత్రకారిణి: సూపర్ పేజీలనూ ఆయన చూసేవారు కదండీ...

విమర్శకుడు: చూడటం, రాయడం ఒకటి కాదు.

యాంకర్: సమయం దగ్గర పడింది. రచయిత గారూ, ఒక్క వాక్యం.

స్క్రిప్టు రచయిత: కొత్త అధ్యాయాన్ని పాత తేదీలతో కాదు, పాత్రల స్వభావంతో కొలవాలి. తేదీలు...

విమర్శకుడు: స్వభావంతో కొలిచినా ఓడిపోతుంది!

యాంకర్: మేడమ్?

చిత్రకారిణి: రాడిట్జ్ గురించి నేనడిగినదానికి జవాబు ఇంకా...

యాంకర్: క్షమించాలి మేడమ్, నిజంగానే సమయం లేదు. సార్, త్వరగా ముగించండి.

విమర్శకుడు: సైయన్ రాకుమారుడు వెజిటా మొదటిసారి ఎదురైనప్పుడు గోకు ఏమన్నాడు? తక్కువ రకం వాడైనా ప్రాణం పెట్టి కష్టపడితే గొప్ప పుట్టుక ఉన్నవాణ్ణి దాటొచ్చు అన్నాడు. ఆ పేజీ పక్కన ఈ వరం పేజీ పెట్టి చదవండి. రెండూ నిజమని నాకు ఎవరైనా చెప్పండి, వింటాను.

చిత్రకారిణి: నేను చెప్తాను, ఒక్క నిమిషం ఇస్తే...

యాంకర్: చర్చలో పాల్గొన్న ముగ్గురికీ ధన్యవాదాలు. నమస్కారం.