ఆడవాళ్ళ పేరున కారు తీసుకుంటే ఇన్సూరెన్స్ తగ్గుద్దా?

కావలి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, పాత కారు అమ్మేసి కొత్తది తీసుకుంటా ఉండా. ఆడవాళ్ళ పేరున అయితే ఇన్సూరెన్స్ తక్కువంట గదా, మా ఇంటామె పేరున తీసుకోనా?"

ఆ మాట అమెరికాలో అయితే కొంత నిజమే తమ్ముడూ. అక్కడ చాలా రాష్ట్రాల్లో పాతికేళ్ళ లోపు కుర్రోడికి నడ్డి విరిగే ప్రీమియం వేస్తారు, అదే వయసు ఆడపిల్లకి తక్కువ. కుర్రోళ్ళు స్పీడెక్కువ, పెద్ద యాక్సిడెంట్లూ వాళ్ళవే ఎక్కువని కంపెనీల లెక్క. సాయంత్రం మన ట్రంకు రోడ్డు మీద బైకులు చూసినోణ్ణి, కాదని నేనైతే అనలేను. అయితే కాలిఫోర్నియాలో 2019 నుంచి ఆడా మగా చూసి రేటు వెయ్యకూడదు. యూరోపియన్ యూనియన్‌లో ఆడా మగా తేడా రేట్లని 2011లోనే కోర్టు కొట్టేసింది, 2012 డిసెంబర్ 21 నుంచి అమలు.

మన దగ్గర థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల అవతలోళ్ళకి జరిగే నష్టానికి కట్టే ఇన్సూరెన్స్ రేటు ప్రభుత్వమే పెడతది. 2022లో ఇచ్చిన పట్టికలో వెయ్యి సీసీ లోపు కారుకి 2,094 రూపాయలు, పదిహేను వందల లోపు 3,416, ఆ పైన 7,897. నడిపేది అత్తా అల్లుడా అనేదానికి అందులో గడే లేదు. ఇక సొంత బండి డ్యామేజీకి కట్టేది కారు విలువ, వయసు, రిజిస్ట్రేషన్ అయిన ఊరు చూసి వేస్తారు. మద్రాసు ఏ జోన్, నెల్లూరు, ఒంగోలు బీ జోన్, మనకే కాస్త నయం. ఆడవాళ్ళకి డిస్కౌంట్ అని ఏజెంట్ అంటే కొటేషన్‌లో చూపించమను.

అసలు దెబ్బ వేరే చోట ఉంది. అయిదేళ్ళు క్లెయిమ్ లేకుండా నడిపితే నీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే డ్యామేజీ ప్రీమియంలో తగ్గింపు. అది కారుది కాదు, నీది. డ్యామేజీ ప్రీమియం పదివేలు అనుకో, నీ పేరున అయిదువేలే. ఇంటామె పేరున తీసుకుంటే పదివేలూ కట్టాలి, నీ బోనస్ ఆమెకి రాదు.

ఇంకోటి. 2018లో ఓనర్-డ్రైవర్ ప్రమాద కవర్, అంటే బండి నడిపే ఓనర్‌కి ప్రమాదంలో ఏమన్నా అయితే ఇచ్చే బీమా, 15 లక్షలు చేశారు. అది ఓనర్‌కే, అదీ లైసెన్స్ ఉంటేనే. మా మరదలికి లైసెన్స్ లేదనుకో, ఆమెకి ఆ కవర్ ఇయ్యరు. నడిపేది నువ్వైనా, ఓనర్‌వి కాదు గాబట్టి నీకూ వర్తించదు. ప్రీమియం కొంచెం తగ్గినట్టు కనపడేది అందుకే! దాన్ని చూసి ఆడవాళ్ళ డిస్కౌంట్ అనుకోబాక.

మరదలికి లైసెన్స్ ఉండి తనే నడిపేటట్టయితే నిక్షేపంగా ఆమె పేరునే తీసుకో, ఆ బోనస్ పోతే పోయింది. లేదు, నువ్వే నడుపుతావంటే నీ పేరున పెట్టుకో. పాత కారు అమ్మేటప్పుడు మాత్రం కంపెనీ దగ్గర ఎన్‌సీబీ సర్టిఫికెట్ రాయించుకో, మూడేళ్ళ దాకా చెల్లుద్ది.