భీమిలి ఇసుక నుంచి అరకు కొండ దాకా: ఏ ప్లాటు దేనికి దగ్గర?

అందరికీ నమస్కారం. నేల మీద కొలిచిన చదరాలు, అంటే ప్లాట్లు వేసి, ఒక్కోదాంట్లో ఏ మొక్కలు ఎన్నున్నాయో లెక్కపెట్టి రాసుకొస్తాం కదా, ఆ పట్టికని బట్టి ఏ ప్లాటు దేన్ని పోలి ఉందో చూసి వాటిని వరసలోనో, బొమ్మ మీదో పేర్చడమే ఆర్డినేషన్. ఉప్పు, తేమ, ఎత్తు మారేకొద్దీ మొక్కలెలా మారుతున్నాయో అందులో కనపడాలి. ఈ పని నేర్చుకోవడానికి విశాఖ కంటే మంచి చోటు నాకు తెలీదు. భీమిలి ఒడ్డున ఉప్పుగాలిని తట్టుకునే బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు చూసి, అదే రోజు దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరుకోవచ్చు.

కానీ సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కేముందు చెప్పండి, పోలికని దేంతో కొలిచారు?

ఒడ్డున ఒక ప్లాటులో ఆ రెండు మొక్కలూ ఒక్కొక్కటే ఉన్నాయనుకుందాం. పక్క ప్లాటులో అవే నాలుగేసి. అరకు దారిలోని అనంతగిరి కొండ ప్లాటులో అవేవీ లేవు, ఒక్క మద్ది మొక్క ఉంది. మామూలు యూక్లిడ్ దూరం (ఒక్కో మొక్క సంఖ్యలో తేడాని వర్గం చేసి, అన్నీ కూడి, వర్గమూలం తీసేది) కడితే ఒడ్డు ప్లాట్ల మధ్య 4.24, మొదటి దానికీ అనంతగిరికీ మధ్య 1.73 వస్తుంది! ఒక్క మొక్కా కలవని కొండే దగ్గరైపోయింది. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్ అడవుల మీద బ్రే, కర్టిస్ వాడిన కొలతైతే (తేడాలన్నీ కూడి, రెండు ప్లాట్లలోని మొత్తం మొక్కలతో భాగించేది) ఒడ్డు ప్లాట్ల మధ్య 0.6, కొండతో 1. ఇదీ నమ్మదగ్గ లెక్క.

అయితే 1 దాటి అది పెరగదు. ఒక్క మొక్కా కలవకపోతే సింహాచలమైనా అరకైనా ఒడ్డుకి ఒకటే దూరం, అందుకే ఒడ్డు నుంచి కొండ దాకా సాగే పొడవాటి ప్లాట్ల వరస బొమ్మలో విల్లులా వంగిపోతుంది. దాన్ని సాపు చెయ్యడానికి 1980లో హిల్, గాక్ ఒక పద్ధతి తెచ్చారు, కానీ వంపుని ముక్కలుగా కోసి బలవంతంగా సర్దడం నాకు నచ్చదు, మొక్కల్ని నిజంగా మారుస్తున్న రెండో కారణం (ఎత్తుతో పాటు తేమ లాంటిది) కూడా అందులో కొట్టుకుపోవచ్చు. దూరాల్ని కాక వాటి ర్యాంకుల్నే (ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న వరసనే) చూసే క్రుస్కాల్ 1964 పద్ధతి, ఎన్‌ఎండీఎస్, ముందు వాడి చూడండి. స్ట్రెస్, అంటే బొమ్మలోని దూరాలు ఆ ర్యాంకులతో ఎంత పొసగలేదో చెప్పే అంకె, 0.2 దాటితే మాత్రం ఆ బొమ్మని నమ్మకండి, బొమ్మకి ఇంకో అక్షం (ఇంకో దిశ) కలిపి మళ్లీ నడపండి.