ఈ నెల చీటీ పాడాలా, ఆగాలా? ఫైనాన్స్ డిగ్రీలో స్పెషలైజేషన్ ఎలా ఎంచుకోవాలి

నమస్తే. డిగ్రీలో చేరినవాళ్ల నుంచి నాకు వచ్చే మెసేజ్‌లు దాదాపు రెండే రకాలు. ఒకటి: "అక్కా, ఫైనాన్స్ లైన్‌లోకి వెళ్లాలని ఉంది, ట్యాలీ నేర్చుకుంటే సరిపోతుందా?" రెండోది: "అక్కా, ఫైనాన్స్ అంటే ట్రేడింగే కదా, దానికి డిగ్రీ ఎందుకు?" ఈ రెండూ చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఇదే అపోహతో పిల్లలు స్పెషలైజేషన్ ఎంచుకుంటున్నారు, మూడో ఏడాదికి వచ్చాక "నాకు ఇది కాదు కావాల్సింది" అంటున్నారు.

ట్యాలీ అకౌంట్స్ రాసే మంచి సాఫ్ట్‌వేర్. చిన్న షాపు నుంచి పెద్ద ఫ్యాక్టరీ దాకా వాడతారు, నేర్చుకోండి. కానీ బస్సులో టికెట్ మిషన్ కొట్టడం వస్తే, ఏ ఊరికి కొత్త సర్వీసు వేస్తే గిట్టుబాటు అవుతుందో తెలిసినట్టు కాదు కదా. జరిగిపోయిన లావాదేవీని సరిగ్గా రాసిపెట్టేది అకౌంటింగ్. ఇంకా చేతికి రాని డబ్బు గురించి ఇప్పుడే నిర్ణయం తీసుకునేది ఫైనాన్స్. మొదటిది రాకుండా రెండోది రాదు. అలాగని రెండూ ఒకటి కావు.

ఇక ట్రేడింగ్ సంగతి. 2024 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లోకి (ధర ముందు ముందు ఎటు పోతుందన్న దాని మీద చేసే కాంట్రాక్టుల్లోకి) దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఫోన్‌లో బటన్ నొక్కడాన్ని చదువు అనుకోవద్దని ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

మరి ఫైనాన్స్ అంటే ఏంటి? నాకు అర్థమైంది క్లాసులో కాదు, మా ఇంట్లో.

అప్పుడు నేను బీకాం రెండో ఏడాదిలో ఉన్నాను. మాది ఖమ్మం. మా అమ్మ బ్లౌజులు కుడుతుంది. లక్ష రూపాయల చీటీ ఒకటి వేసింది. 20 మంది, నెలకు 5,000, 20 నెలలు. ఓ సాయంత్రం చీటీ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వు చదివేది డబ్బుల చదువే కదా, చెప్పు. ఈ నెల పాడనా, ఆగనా?" అంది.

అప్పటికి నాకు ట్రయల్ బ్యాలెన్స్ కలపడం వచ్చు. తరుగుదల లెక్క రెండు పద్ధతుల్లో వేయగలను. అమ్మ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. "లాస్ట్‌లో తీసుకుంటే లాభం అంటారుగా" అన్నాను. "ఎంత లాభం?" అంది. అంతే, ఆగిపోయాను.

ఆ "ఎంత" అన్న మాట దగ్గరే ఫైనాన్స్ మొదలవుతుంది. ఆ లెక్క ఇప్పుడు మీతో కలిసి వేస్తాను.

(బోర్డు మీద రాస్తూ)

చీటీ పాట మీ అందరికీ తెలిసిందే: లక్షలో ఎక్కువ వదులుకుంటానని పాడినవాళ్లకు ఆ నెల మిగతా డబ్బు వస్తుంది. నేరుగా అంకెల్లోకి వెళ్దాం. రెండో నెలలో మా వీధి జిరాక్స్ షాపాయన పాడాడు. పాట 30,000కి పోయింది, చేతికి 70,000 వచ్చింది. ఆ 30,000లో కంపెనీ కమీషన్ 5,000. మిగిలిన 25,000ను 20 మందికి పంచితే తలా 1,250, దీన్నే డివిడెండ్ అంటారు. అంటే ఆ నెల అందరూ 5,000 బదులు 3,750 కట్టారు. నెలలు గడిచేకొద్దీ పాట తగ్గుతుంది, ఈ డివిడెండూ తగ్గుతుంది. లెక్క సులువు కోసం సగటు తీసుకుని ప్రతి నెలా 600 అనుకుందాం. అంటే మనిషి నెలకు కట్టేది 4,400.

చివరిదాకా ఆగినవాళ్లు 20 నెలల్లో కట్టేది 88,000. కమీషన్ పోను చేతికొచ్చేది 95,000. లాభం 7,000.

ఇక్కడే అందరం పొరబడతాం. 88,000 మీద 7,000 అంటే దాదాపు 8 శాతం, అదీ 20 నెలలకు, అంటే ఏడాదికి 5 శాతం కూడా లేదు, ఇంతోటి దానికి చీటీ ఎందుకు అంటాం. కానీ ఆ 88,000 మొత్తం 20 నెలలూ చీటీలోనే ఉందా? లేదు. మొదటి నెల కట్టిన 4,400 మాత్రమే దాదాపు 19 నెలలు ఉంది. పదో నెలలో కట్టింది పది నెలలే ఉంది. చివరి నెలది ఆ రోజే తిరిగొచ్చింది. ఏ రూపాయి ఎన్ని నెలలు బయట ఉందో దానికి అన్ని నెలల వడ్డీ లెక్కగడితే, వచ్చేది నూటికి నెలకు 80 పైసలు. ఏడాదికి 9.6 శాతం. పైపైన చూసిన లెక్కకు రెట్టింపు.

నమ్మకం కుదరకపోతే ఎక్సెల్ తెరవండి. రేట్ (RATE) అనే ఫంక్షన్‌లో వరుసగా 20, మైనస్ 4400, సున్నా, 95000 ఇవ్వండి. అదే 0.8 శాతం వస్తుంది (1% అని కనిపిస్తే దశాంశాలు పెంచి చూడండి). పుస్తకంలో దీన్నే టైమ్ వాల్యూ ఆఫ్ మనీ అంటారు. మొదటి ఏడాదిలో అయిదు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టి వదిలేస్తాం. డిగ్రీలో చదివే ఫైనాన్స్ అంతా దీని మీదే నిలబడి ఉంటుంది. దయచేసి దీన్ని వదలకండి.

సరే, 80 పైసలు ఎక్కువా తక్కువా? ఏడు శాతం ఇచ్చే రికరింగ్ డిపాజిట్ ఉందనుకోండి. అది నెలకు 58 పైసలు. అంటే చీటీలో 22 పైసలు ఎక్కువ. ఈ 22 పైసలను గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తాను. ఎవరూ ఎవరికీ ఊరికే 22 పైసలు ఇవ్వరు. అది దేనికిస్తున్నారు? ఆ ప్రశ్నకు ఒక్కో స్పెషలైజేషన్ ఒక్కో వైపు నుంచి జవాబు వెతుకుతుంది.

జిరాక్స్ షాపాయన దగ్గర మొదలుపెడదాం. 70,000 తీసుకుని మిగతా 18 నెలలు కడుతూ పోతే, మొదటి రెండు నెలలు కట్టిందీ కలిపి చూస్తే, ఆయనకు పడిన వడ్డీ నెలకు దాదాపు మూడు రూపాయలు. వీధిలో అందరూ "తొందరపడ్డాడు" అన్నారు. మా అమ్మ కూడా అంది. కానీ ఆయన ఆ డబ్బుతో కలర్ ప్రింటర్ కొన్నాడు, అదీ కాలేజీ అడ్మిషన్ల సీజన్‌కు ముందు. ఆ మిషన్ వల్ల ఖర్చులు పోను నెలకు 6,000 అదనంగా వస్తే, 4,400 కట్టాక కూడా ఆయన చేతిలో మిగులుతుంది. చీటీ అయిపోయాక మిషన్ ఆయనదే. అదే 70,000 పెళ్లి భోజనాలకు పెట్టి ఉంటే మూడు రూపాయల వడ్డీ నడుం విరిచేది. వడ్డీ ఎక్కువా తక్కువా అన్నది ఆ డబ్బు చేసే పనిని బట్టి ఉంటుంది. ఇలా ఆలోచించడం మీకు నచ్చితే మీది కార్పొరేట్ ఫైనాన్స్. కంపెనీ కొత్త ప్లాంటు పెట్టాలా, అప్పు తేవాలా, వాటాలు అమ్మాలా అనేది అంతా ఈ ప్రింటర్ ప్రశ్నే, పక్కన సున్నాలు ఎక్కువ ఉంటాయి.

ఇప్పుడు కంపెనీ కౌంటర్ వెనక్కి వెళ్దాం. జిరాక్స్ ఆయనకు 70,000 ఇచ్చేముందు ష్యూరిటీ అడిగారు. ఎత్తిన చీటీ తర్వాత కట్టకపోతే ఎవరు కడతారు? జామీను ఉన్నవాళ్ల జీతం సర్టిఫికెట్లు చూశారు, వాళ్ల సంతకాలు తీసుకున్నారు. జిరాక్స్ ఆయన షాపుకొచ్చి రద్దీ ఎలా ఉందో చూసి వెళ్లారు. మనిషి ఇచ్చిన మాటకు విలువ కట్టడం ఇది. బ్యాంకింగ్, క్రెడిట్ అంటే ఇదే. కాగితాలతో పాటు మనుషుల్ని చదవగలిగేవాళ్లకు ఇది చాలా మంచి దారి. మన పిల్లలు దీన్ని "బ్యాంకు క్లర్కు ఉద్యోగం" అని తక్కువ చేయడం నాకు అస్సలు నచ్చదు. మన 22 పైసల్లో పెద్ద వంతు ఇక్కడి నుంచే వస్తుంది. ఎవరో ఒకరు కట్టకపోవచ్చు అన్న భయానికి ఇచ్చే ధర అది.

ఇంకో మెట్టు ఎక్కుదాం. చీటీలో 20 మంది ఉన్నారు, అందులో ఆరుగురు మిర్చి వ్యాపారం మీద బతికేవాళ్లు. ఖమ్మంలో ఇది మామూలే. విడివిడిగా చూస్తే ఆరుగురూ నమ్మకస్తులే. మిర్చి ధర పడిపోయిన ఏడాది మాత్రం ఆరుగురూ ఒకేసారి ఆగిపోతారు. ఒక్కొక్కరిని విడిగా చూసి ష్యూరిటీ తీసుకున్న మనిషికి ఇది కనపడదు. దీన్ని పట్టుకునేది రిస్క్ మేనేజ్‌మెంట్. దీనికి స్టాటిస్టిక్స్ కావాలి. బీకాంలో బిజినెస్ స్టాటిస్టిక్స్ పేపర్లో కోరిలేషన్ అని ఒక పాఠం ఉంటుంది చూడండి, గైడ్ కొని పాసైపోతాం. ఈ ఆరుగురు మిర్చి వ్యాపారుల కథే ఆ పాఠం. ఇలా చెప్పి ఉంటే నేను పరీక్ష అయ్యాక కూడా దాన్ని మర్చిపోయేదాన్ని కాదు.

చివరిదాకా ఆగే మనిషి సంగతేంటి? ఆమెకు అప్పు అక్కర్లేదు. చీటీ, రికరింగ్ డిపాజిట్, బంగారం, మ్యూచువల్ ఫండ్, వీటిలో ఎందులో ఎంత పెట్టాలి? 22 పైసల కోసం ఆ భయం మోయడం ఆమెకు అవసరమా? ఇది ఇన్వెస్ట్‌మెంట్స్. ట్రేడింగ్ అని మీరు అనుకునేది ఈ గదిలో ఒక చిన్న మూల మాత్రమే.

కట్టేవాళ్లలో ఒకరు మధ్యలో చనిపోతే? అలాంటి ప్రమాదానికి ముందే ధర కట్టేది ఇన్సూరెన్స్, అందులో లెక్కల వైపు యాక్చురియల్ సైన్స్. బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. అయినా మన డిగ్రీ పిల్లల్లో యాక్చురీ అనే మాట విన్నవాళ్లే తక్కువ. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఇంజినీరింగ్ వద్దనుకున్నవాళ్లు దీన్ని ఒకసారి చూడండి.

పుస్తకాలు సరిగ్గా రాశారా లేదా చూసేది ఆడిట్. రూల్స్ చూసేది కంప్లయన్స్. చీటీలకు 1982 చిట్ ఫండ్స్ చట్టం ఉంది. 2019 సవరణతో కమీషన్ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది. చీటీలను చూసుకునేది రిజర్వు బ్యాంకో, సెబీయో కాదు, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన రిజిస్ట్రార్. చీటీ మొదలుపెట్టేముందు నిర్వాహకులు ఆయన దగ్గర సెక్యూరిటీ పెట్టాలి. మీ ఇంట్లో చీటీ రిజిస్టర్ అయిందో లేదో అడగండి, ఇది చదువు కోసం కాదు, మీ కోసం చెబుతున్నా.

(టైమ్ చూసుకుంటూ)

టైమ్ అయిపోతోంది, మిగతాది వేగంగా చెబుతాను.

మొదటి రెండు సెమిస్టర్లలో స్పెషలైజేషన్ గురించి టెన్షన్ పడొద్దు. అకౌంట్స్, స్టాటిస్టిక్స్, ఎక్సెల్, ఈ మూడూ గట్టిగా పట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి (ఒక ప్రధాన సబ్జెక్టు, దానికి తోడు ఒక మైనర్) వచ్చింది, మీరు చేరే ఏడాదికి అదే ఉంటే మేజర్ ముందే తీసుకోవాలి. అక్కడివాళ్లు మైనర్ ఎంచుకునేటప్పుడు స్టాటిస్టిక్స్‌నో ఎకనామిక్స్‌నో వదులుకోకండి. తెలంగాణలో దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) ఆప్షన్లు పెట్టేవాళ్లు కోర్సు పేరు చూసి ఆగిపోకుండా సెమిస్టర్ వారీగా పేపర్లు చదవండి. "ఫైనాన్స్" అని పేరున్న కోర్సులో రెండే ఫైనాన్స్ పేపర్లు ఉండొచ్చు.

మూడు, నాలుగు సెమిస్టర్లలో, ఇందాకటి చీటీలో ఎవరి ప్రశ్న మీకు రాత్రి పడుకున్నాక కూడా తిరుగుతుందో చూసుకోండి. జిరాక్స్ ఆయనదా, కౌంటర్ వెనక మనిషిదా, మిర్చి వ్యాపారులదా? ప్యాకేజీ ఎంత అని తర్వాత అడుగుదురు గాని.

పరీక్షలు: ఆడిట్, ట్యాక్స్ వైపైతే సీఏ. కామర్స్ డిగ్రీలో 55 శాతం ఉంటే ఫౌండేషన్ అనే మొదటి పరీక్ష లేకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియట్‌కి వెళ్లొచ్చు, ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే శిక్షణ) ఇప్పుడు రెండేళ్లు. ఇన్వెస్ట్‌మెంట్స్ వైపైతే సీఎఫ్‌ఏ అనే అంతర్జాతీయ పరీక్షలు, డిగ్రీ పూర్తవడానికి 23 నెలల ముందు నుంచే లెవెల్ వన్ రాయొచ్చు. ఫీజు బరువు ఎక్కువ, కాబట్టి ముందు ఎన్‌ఐఎస్‌ఎం (సెక్యూరిటీస్ మార్కెట్ల మీద పరీక్షలు పెట్టే సంస్థ) పరీక్ష ఒకటి రాసి ఈ సబ్జెక్టు మీకు పడుతుందో లేదో చూసుకోండి. రిస్క్‌కి ఎఫ్‌ఆర్‌ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్) పరీక్ష, రెండు భాగాలు. యాక్చురియల్‌కి ఇంటర్ తర్వాతే ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద పెద్ద విదేశీ బ్యాంకుల ఆఫీసులున్నాయి, వాటిలో ఏ పనులు జరుగుతాయో ఇంకో వీడియో చేస్తాను.

చివరగా, మా అమ్మ ఏం చేసిందో చెప్పలేదు కదా. పదకొండో నెలలో పాడింది, కొత్త కుట్టు మిషన్ కోసం. పాట 18,000కి పోయింది, చేతికి 82,000 వచ్చింది. అప్పటికి పది నెలలు కట్టేసింది, ఆ నెలది కాక ఇంకా తొమ్మిది నెలలు కట్టాలి. నెలకు అదే 4,400 అనుకోండి. మరి మా అమ్మ డబ్బు దాచుకున్నట్టా, అప్పు తీసుకున్నట్టా? ఎన్ని పైసలకు? లెక్క వేసి కింద రాయండి, అందరివీ చదువుతాను.