ఏ దోమ? ఏ నల్లి?

శ్రోతలకు నమస్కారం.

రాత్రిపూట చెవి దగ్గర గుయ్యిమనేది దోమ. పత్తి ఆకు అడుగున చేరి రసం పీల్చేది పచ్చదోమ. మొక్కను కదిపితే తెల్లగా లేచేది తెల్లదోమ. వరి దుబ్బుల మొదట్లో చేరి చేను సుడులు సుడులుగా ఎండిపోయేలా చేసేది సుడిదోమ. వింటే నలుగురూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నారు. కానీ మనల్ని కుట్టే దోమకు ఉన్నవి రెండే రెక్కలు, అది ఈగకు చుట్టం. మిగతా మూడింటికీ నాలుగేసి రెక్కలు. వాటి వంశం వేరు. ఎప్పుడో రెక్కలు పోగొట్టుకుని మంచంలో కాపురం పెట్టిన నల్లి కూడా ఆ వంశానిదే.

నల్లి సంగతీ ఇంతే. మంచంలో నల్లి, పత్తి మీద పిండినల్లి, రెండూ కీటకాలే. ఎర్రనల్లికి మాత్రం ఎనిమిది కాళ్లు. కీటకానికి ఆరే కాళ్లు ఉండాలి కాబట్టి అది సాలీడు, తేలు ఉన్న వర్గంలోకి పోతుంది. తొలకరి పడగానే ఎర్రటి మఖమల్ గుడ్డలా నేల మీద పాకే ఆరుద్ర పురుగుదీ అదే వర్గం. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్నవాళ్లం చాలామందిమి, కాళ్లు లెక్కపెట్టినవాళ్లం తక్కువ.

రైతు పెట్టిన పేర్లు తప్పని నేననడం లేదు. ఆ పురుగు ఎక్కడుంటుంది, చేనుకు ఏం చేస్తుంది అన్నది చూసి ఆయన పేరు పెట్టాడు. శాస్త్రవేత్త చుట్టరికం చూసి పెడతాడు. పేచీ వచ్చేది మందు డ్రమ్ము దగ్గర. ఎర్రనల్లిని కీటకమనుకుని కొన్ని రకాల పురుగుమందులు కొడితే, దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చి, నల్లి రెట్టింపవుతుంది. డబ్బు పెట్టి శత్రువును పెంచుకున్నట్టు!

2021లో మిరపకు వచ్చిన కష్టం మీకు గుర్తుండే ఉంటుంది. మిరప రైతుకు తామర పురుగు కొత్తది కాదు. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు పని. కిందికి తిరగబడితే కింది ముడత, అది నల్లి పని. ఈ లెక్క ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ఆ ఏడాది ముడత కంటే ముందు పూలు రాలాయి. పువ్వును అరచేతిలో దులిపితే నల్లగా, నలక కంటే కొంచెం పెద్దవి, పదుల కొద్దీ పురుగులు. గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా ఇదే మాట. అలవాటైన మందులన్నీ కొట్టారు. లొంగలేదు.

అలవాటైన తామర పురుగు పేరు సిర్టోత్రిప్స్ డోర్సాలిస్. కోయంబత్తూరులో దొరికిన నమూనాలను చూసి 1919లో హుడ్ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. కొత్తగా వచ్చింది అది కాదని తేల్చడానికి, ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగును గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద దాని మెడ మీద, రెక్కల మీద ఉన్న ముళ్లను, వెంట్రుకలను లెక్కపెట్టాలి. అలా లెక్కపెట్టిన మీదట అది త్రిప్స్ పార్విస్పైనస్ అని తేలింది. 1922లో కార్నీ అనే ఆయన పేరు పెట్టిన పురుగు, ఆగ్నేయాసియాది. బెంగళూరులో బొప్పాయి మీద ఉందని 2015లోనే నమోదైంది. పేరు దొరకగానే, ఇండోనేసియాలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ దాని గురించి రాసిన కాగితాలన్నీ మన చేతికొచ్చాయి. పూలలో దాక్కుంటుంది, ఆకు అడుగున మందు పడితే చాలదు అన్నవన్నీ ఆ పేరు వెంట వచ్చిన సంగతులే. పేరు తెలియనంత కాలం ఆ బీరువా తాళం తెరుచుకోదు.

ఇలా తాళం చెవి లేక రెండేళ్లు తడుముకున్న పెద్దమనిషి కథ సికింద్రాబాదులోనే జరిగింది. రోనాల్డ్ రాస్. మలేరియా దోమ వల్ల వస్తుందని నిరూపించాలని 1895 నుంచీ దోమల్ని కోస్తూ కూర్చున్నాడు. ఆయన సైనిక వైద్యుడు, కీటకాల చదువు చదవలేదు. మన దేశపు దోమల్ని పేర్లతో గుర్తుపట్టే పుస్తకం ఆయన దగ్గర లేదు. అందుకని సొంతంగా ముద్దుపేర్లు పెట్టుకున్నాడు: బూడిద రంగుది, చారలది, రెక్కల మీద మచ్చలది. మొదటి రెండు రకాలనే మళ్లీ మళ్లీ కోశాడు. వాటిలో మనిషి మలేరియా క్రిమి పెరగదు, ఎన్ని కోసినా ఏం లాభం! 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు చేతికొచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, ఆగస్టు 20న కోసి చూస్తే, కడుపు గోడలో నల్లటి చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. దోమలో పెరుగుతున్న మలేరియా క్రిములే అవి. ఆ మచ్చల రెక్కలది అనాఫిలిస్ అనే ప్రజాతి దోమ. ప్రజాతి అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన ఆ దోమల్ని కోసిన భవనం ఇప్పటికీ ఉంది. అటుగా వెళ్లినప్పుడల్లా, ఆ రెండేళ్లూ వృథాగా కోసిన దోమలు ఎన్నై ఉంటాయోనని అనుకుంటాను.

అనాఫిలిస్ అని తేలినా కథ ముగియలేదు. మన పల్లెల్లో మలేరియా మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. చూపులకు ఒకటే. క్రోమోజోములు చూస్తే అయిదు. వాటికి ఏ, బీ, సీ, డీ, ఈ అని పేర్లు పెట్టారు. బీ రకం ఎక్కువగా పశువుల మీదే వాలుతుంది, మలేరియాను పెద్దగా మోయదు. అంటే రెండు ఊళ్లలో దోమలు సమానంగా ఉన్నా, జ్వరాలు ఒక ఊళ్లోనే ఉండొచ్చు.

ఇక కొత్త జాతి సంగతి. పేపర్లో "ఫలానా అడవిలో కొత్త కీటకం" అని చదివినప్పుడు, ఎవరో పొదను పక్కకు తప్పించి చూసి ఆశ్చర్యపోయినట్టు ఊహించుకుంటాం. నిజానికి చాలా కొత్త జాతులు మ్యూజియం పెట్టెల్లో ఏళ్ల తరబడి పిన్నుకు గుచ్చుకుని ఉంటాయి. ఎవరో తీరికగా పక్కపక్కన పెట్టి చూసి, "ఇది వీటిలో దేనికీ కలవడం లేదే" అన్నప్పుడే అది కొత్తదవుతుంది. ఆ మాట అనడానికి ముందు, ఆ ప్రజాతిలో ఇప్పటిదాకా వర్ణించిన జాతులన్నిటితో పోల్చాలి. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో తన గ్రంథం పదో కూర్పులో జంతువులన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టాడు. లెక్క అక్కడి నుంచే. అంటే రెండున్నర శతాబ్దాల కాగితాలు, ఫ్రెంచివి, జర్మన్‌వి, కొన్ని లాటిన్‌వి, తిరగెయ్యాలి. మగ పురుగు పొట్ట చివరి భాగాన్ని మందునీళ్లలో నానబెట్టి, విప్పి, దాని జననాంగాల ఆకారం బొమ్మ గీయాలి. దగ్గరి జాతుల మధ్య తేడా చాలాసార్లు అక్కడే తెలుస్తుంది. ఇప్పుడు డీఎన్ఏ ముక్క కూడా చదువుతున్నారు. పని తేలికైంది, కానీ కళ్లకు సెలవు దొరకలేదు.

అన్నీ అయ్యాక ఒక్క నమూనాను ఎంచుకుంటారు. దాన్ని హోలోటైప్ అంటారు. మెట్రిక్ కొలతలకు ఒకప్పుడు పారిస్‌లో పెట్టిన లోహపు కడ్డీ ఎలాంటిదో, ఆ పేరుకు ఈ పురుగు అలాంటిది. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే చూడాలి. దాని పిన్నుకు చిన్న చీటీ: ఊరు, తేదీ, పట్టినవాళ్ల పేరు, ఏ మొక్క మీద. వ్యవసాయ కాలేజీలో చదివే రోజుల్లో పురుగుల పెట్టె తయారుచేసి ఇవ్వాలి. నేను రెండు నెలలు తిరిగి పట్టాను, రెక్కలు అందంగా పరిచాను, చీటీలు మాత్రం రాయలేదు. సగం మార్కులు కోసేశారు. అప్పుడు కోపం వచ్చింది గానీ, న్యాయమే. చీటీ లేని పురుగు అలంకారానికే పనికొస్తుంది.

చీటీ ఉన్నా ఒక్కోసారి మోసపోతాం. అనంతపురం వైపు గుత్తి ఉంది కదా, అక్కడ రైల్వే కలప యార్డులో దొరికిన ఒక పెద్ద నీలం సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. పేరు పొయిసిలోథీరియా మెటాలికా. కీటకం కాదని ముందే ఒప్పుకుంటున్నాను, కథ బాగుందని చెబుతున్నాను. చీటీ మీద గుత్తి అని ఉంది. ఆ తర్వాత వందేళ్లు దాని జాడే లేదు. 2001లో మళ్లీ కనిపించింది, గుత్తికి చాలా దూరాన, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో. మొదటిది కలపతో పాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని అనుకుంటున్నారు. విదేశాల్లో పెంచుకునేవాళ్లు దాన్ని ఇవాళ్టికీ గుత్తి పేరుతోనే పిలుస్తారు.

పేరు విషయంలో ముందు పెట్టినవాళ్లదే హక్కు. పత్తి పిండినల్లి పంజాబ్, గుజరాత్‌లలో చేలు నాశనం చేస్తున్న రోజుల్లో, దాని ఒంట్లో గుడ్డు పెట్టే బుల్లి కందిరీగ ఒకటి కనిపించింది. పిల్ల లోపలి నుంచి తినేస్తే పిండినల్లి గట్టిపడి, గోధుమ రంగు పీపాలా మిగులుతుంది. కొత్త జాతి అనుకుని 2009లో దానికి ఎనేసియస్ బంబావాలే అని పేరు పెట్టారు, బంబావాలే అనే మన శాస్త్రవేత్త గౌరవార్థం. తర్వాత పాత నమూనాలతో పోల్చి చూస్తే, అమెరికాలో అరిజోనా నుంచి జిరో అనే ఆయన ఎప్పుడో వర్ణించిన పురుగే ఇదని తేలింది. దాంతో పాత పేరే నిలిచింది: ఎనేసియస్ అరిజోనెన్సిస్. నాకు ఇందులో నచ్చేది, తప్పు ఎవరూ దాచలేదు. పైగా లాభమే జరిగింది. పిండినల్లి కూడా అమెరికా ఖండానిదే కాబట్టి, దొంగ వెనకే పోలీసూ వచ్చాడని అర్థమైంది.

ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన కీటక జాతులు సుమారు 10 లక్షలు. పెట్టాల్సినవి ఇంకా అంతకు నాలుగైదు రెట్లు ఉంటాయని అంచనా. ఆ పని చేసేవాళ్లు చాలా కొద్దిమంది, చాలావరకు నాలాగా జుట్టు నెరిసినవాళ్లే.

మీ చేలో అలవాటు లేని పురుగు కనబడితే ఫోన్‌లో ఫొటో తీయండి, మంచిదే. దాంతో ఆగకండి. చిన్న సీసాలో స్పిరిట్ పోసి, నాలుగైదు పురుగుల్ని అందులో వేసి, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. సీసాలోపలే ఒక కాగితం ముక్క వేయండి: ఊరు, తేదీ, ఏ మొక్క, ఆకు మీదా పువ్వులోనా. పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.

నమస్కారం.